తీరం దగ్గరి సముద్రపు అడుగు మట్టి కలుషితమైందో లేదో తేల్చడం ఎలా?

"ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. జింక్ కిలోకి 160 మిల్లీగ్రాములట. ఇది కాలుష్యమేనా?"

ప్రాజెక్టు చేసే విద్యార్థుల నుంచి, తీరం గురించి పట్టించుకునే వాళ్ళ నుంచి ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. లోహం మారుతుంది, అంకె మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. నా జవాబూ అదే: ఆ అంకె ఒక్కటీ చూసి చెప్పలేను. ఆ మట్టి ఇసుకా, బురదా? అల్యూమినియం ఎంత ఉంది? తడి బరువు మీద లెక్కా, పొడి బరువు మీదా? ఆ మట్టిలో పురుగులు, ఆల్చిప్పలు, పీతలు ఏం చేస్తున్నాయి? ఇవి అడగ్గానే అవతల చాలాసార్లు నిశ్శబ్దం. శాంపిల్ తీసిన రోజునే ఇవి రాసుకోవాలని వాళ్ళకెవరూ చెప్పి ఉండరు. అందుకే పని మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

నీళ్ళు పరీక్షిస్తే సరిపోదా అనే వాళ్ళకు ఒక్క మాట. నీరు ఇవాళ ఉంటుంది, రేపటి పోటుకు మారిపోతుంది. లోహాలు, నూనెలు, పురుగుమందులు సన్న మట్టి రేణువులకు అంటుకుని కిందికి దిగి అక్కడే ఉండిపోతాయి. జపాన్‌లోని మినమాతా అఖాతంలోకి పాదరసం వదలడం 1968లో ఆగింది. అడుగు బురదను తవ్వి తీసి, పూడ్చే పని ముగిసేసరికి 1990 వచ్చింది. మట్టి అంత కాలం గుర్తుపెట్టుకుంటుంది.

కావలసినవి

- గ్రాబ్, అంటే తాడుతో దింపితే దవడలు మూసుకుని అడుగు మట్టిని పట్టి తెచ్చే పరికరం. 0.1 చదరపు మీటరు వాన్ వీన్ గ్రాబ్ అయితే మంచిది. చిన్న పడవైతే 0.05 లేదా 0.025 చదరపు మీటరుది. ఆటు సమయంలో బయటపడే బురద నేల అయితే గ్రాబ్ అక్కర్లేదు, 10 సెం.మీ. వ్యాసమున్న ప్లాస్టిక్ గొట్టం చాలు.
- 0.5 మి.మీ. లేదా 1 మి.మీ. జల్లెడ. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే పని చేయాలి.
- లోహాల శాంపిల్‌కు ఆసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ డబ్బాలు, ప్లాస్టిక్ చెంచా. నూనెలు, పురుగుమందుల శాంపిల్‌కు గాజు సీసాలు, స్టీల్ చెంచా. ఈ రెంటినీ కలపకండి.
- ఐస్ పెట్టె, జీపీఎస్, థర్మామీటరు, ఉప్పదనం కొలిచే మీటరు, వీలైతే రెడాక్స్ మీటరు (మట్టిలో ఆక్సిజన్ పరిస్థితిని సూచించేది).
- ఫార్మాలిన్, బోరాక్స్, 70 శాతం ఇథనాల్, రోజ్ బెంగాల్ రంగు.
- చేతొడుగులు, కళ్ళద్దాలు, లైఫ్ జాకెట్.
- పెన్సిల్, తడిసినా చిరగని కాగితం. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. నా మొదటి సర్వేలో మూత మీద మార్కర్‌తో రాసి, లోపల చీటీ వేయలేదు. పన్నెండు సీసాల్లో నాలుగు ఏ స్టేషన్‌వో ఈ రోజుకీ తెలియదు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఈ కాలువ మొగ దగ్గర అడుగు మట్టి దెబ్బతిందా, ఎంత దూరం దాకా?" ఇలా ఉండాలి. "తీరంలో కాలుష్యం గురించి అధ్యయనం" అనేది ప్రశ్నే కాదు, దానికి ఎన్ని శాంపిల్స్ తీసినా జవాబు దొరకదు.

2. స్టేషన్లు ఎంచుకోండి

కాలుష్యం ఒక చోటి నుంచి వస్తోందని అనుమానమైతే, ప్రవాహం వెళ్ళే దిక్కులో దూరం పెంచుకుంటూ పోండి: 50, 100, 250, 500, 1000, 2000 మీటర్లు. దగ్గర్లో మార్పు వేగంగా ఉంటుంది, దూరంలో నెమ్మదిస్తుంది. అందుకే సమాన దూరాలు పెట్టుకోవడం దండగ.

వీటితో పాటు కనీసం రెండు పోలిక స్టేషన్లు కావాలి. అక్కడ కాలుష్యం తప్ప మిగతావన్నీ మీ స్టేషన్లలాగే ఉండాలి: లోతు, ఉప్పదనం, మట్టి రకం. అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. బురద నిండిన రేవును తీసుకెళ్ళి, అలలు కొట్టే శుభ్రమైన ఇసుక తీరంతో పోలుస్తారు. లోహాలు వేరుగా వస్తాయి, జీవులు వేరుగా వస్తాయి, అదంతా కాలుష్యం ఖాతాలో వేసేస్తారు. నిజానికి అక్కడ కొలిచింది ఇసుకకూ బురదకూ ఉన్న తేడా.

అన్ని స్టేషన్లూ ఒకే రుతువులో, వీలైతే ఒకే వారంలో పూర్తి చేయండి. తుపాను, వరద వచ్చి వెళ్ళిన వెంటనే వెళ్ళకండి. రేవు, వన్యప్రాణి రక్షిత ప్రాంతం లాంటి చోట్ల ముందే అనుమతి తీసుకోండి.

3. గ్రాబ్ వేయండి, ఒప్పుకోవాలో పారేయాలో చూడండి

ఒక్కో స్టేషన్‌లో జీవుల కోసం మూడు గ్రాబ్‌లు (ఐదైతే ఇంకా మేలు), రసాయనాల కోసం విడిగా ఒకటి. ఒకే గ్రాబ్‌లోంచి రెండూ తీసుకుంటే చెంచాతో తీసిన మట్టిలో జీవులూ పోతాయి, లెక్క తప్పుతుంది.

ఒక గ్రాబ్ మట్టిని మూడు భాగాలు చేసి "మూడు శాంపిల్స్" అని రాయడం ఇంకో అలవాటు. అది ఒక్క శాంపిలే. గ్రాబ్ మూడుసార్లు నీళ్ళలోకి వెళ్ళాలి.

గ్రాబ్ పైకి రాగానే మూత తెరిచి ఇవి చూడండి:

- దవడలు పూర్తిగా మూసుకున్నాయా? మధ్యలో గులకరాయి, చిప్ప ఇరుక్కుంటే సన్న మట్టి కారిపోయి ఉంటుంది. పారేయండి.
- మట్టి పైన కాస్త నీరు ఉందా, అది మరీ మురికిగా లేదు కదా? చిక్కటి బురద నీరైతే పై పొర చెదిరిపోయినట్టే.
- మట్టి మూతకు తగిలి పైకి పొంగిందా? అయితే మనకు కావలసిన పై పొరే పోయింది. బరువు తగ్గించి మళ్ళీ వేయండి.
- ఇసుకలో కనీసం 5 సెం.మీ., బురదలో 7 సెం.మీ. దిగిందా?

పారేసిన గ్రాబ్‌లను కూడా పుస్తకంలో రాయండి. ఒకే చోట ఆరుసార్లు విఫలమైతే అక్కడ రాయి ఉందేమో, స్టేషన్ జరపాలేమో ఆలోచించండి. పారేసిన మట్టిని స్టేషన్‌కు దూరంగా వదలండి, లేకపోతే తర్వాతి గ్రాబ్‌లో అదే వస్తుంది.

4. ముట్టుకోకముందే చూడండి, వాసన చూడండి

దీనికి రెండు నిమిషాలు పడుతుంది, ఖర్చు లేదు. అయినా సగం మంది చేయరు. మట్టి రంగు, వాసన, నూనె తెట్టు, చెత్త, పురుగుల బొరియలు రాసుకోండి, ఫోటో తీయండి. పైన గోధుమ రంగు పొర, కింద నల్లటి పొర ఉంటే గోధుమ పొర మందం స్కేలుతో కొలవండి. ఆక్సిజన్ ఎంత లోతు దాకా దిగుతోందో దానివల్ల సుమారుగా తెలుస్తుంది. పై నుంచే నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన అంటే సేంద్రియ పదార్థం ఎక్కువై ఆక్సిజన్ అయిపోయిందన్నమాట.

అయితే మడ అడవుల దగ్గర, ఉప్పుటేరుల్లో ఈ నలుపూ వాసనా సహజంగానే ఉంటాయి. వాసన చూసి తీర్పు చెప్పేయకండి. బాగా ఘాటుగా ఉంటే ముఖం దగ్గరగా పెట్టకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు.

5. రసాయనాల కోసం మట్టి తీయండి

గ్రాబ్ గోడలకు తగలని మధ్య భాగం నుంచి, పై 2 సెం.మీ. మాత్రమే. జింక్ పూత వేసిన గ్రాబ్ గోడను గీకి తీసిన మట్టిలో జింక్ రాకుండా ఎలా ఉంటుంది? లోతుగా తీసుకుంటే ఏళ్ళ క్రితం మట్టి కలిసిపోయి ఇప్పటి సంగతి మరుగున పడుతుంది.

పడవ ఇంజిన్ పొగ, సిగరెట్ పొగ, చేతికి రాసుకున్న క్రీము కూడా శాంపిల్‌ను పాడుచేస్తాయి. నూనెలోనూ పొగలోనూ ఉండే విష సేంద్రియ పదార్థాలైన పీఏహెచ్‌లు కొలిచేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడి, పొగ అవతలికి పోయేలా పని చేయండి.

లోహాలకు ఒక డబ్బా, పీఏహెచ్‌లు, పురుగుమందులకు ఒక గాజు సీసా, రేణువుల సైజుకు ఒక సంచి, సేంద్రియ కార్బన్‌కు ఒక డబ్బా. గాజు సీసాను నిండా నింపి గడ్డకట్టిస్తే పగిలిపోతుంది, కొంచెం ఖాళీ వదలండి. సల్ఫైడ్ కొలిచే శాంపిల్‌కు మాత్రం గాలి ఏమాత్రం మిగలకుండా నింపాలి. రేణువుల సైజు సంచి ఫ్రిజ్‌లో చాలు, మిగతావి ఐస్‌లో తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి.

6. జీవుల కోసం జల్లెడ పట్టండి

గ్రాబ్ మట్టి మొత్తాన్ని బకెట్‌లో వేసి, సముద్రపు నీటితోనే నెమ్మదిగా కరిగించి జల్లెడలో పోయండి. మంచినీళ్ళు వాడితే మెత్తటి పురుగులు ఉబ్బి పగులుతాయి.

పైపు నీటిని జోరుగా కొట్టకండి. కూలీ పనిలా ఉంటుంది, త్వరగా అయిపోవాలనిపిస్తుంది, నిజమే. కానీ జోరుకు పాలీకీట్ పురుగులు ముక్కలై జల్లెడ కంతల్లోంచి జారిపోతాయి. నీళ్ళ తొట్టిలో జల్లెడను సగం ముంచి, మెల్లగా ఊపడమే సరైన పద్ధతి. బంకమట్టి ఉండలను వేళ్ళతో నలపకండి, నీళ్ళలో నానబెట్టండి.

0.5 మి.మీ.యా, 1 మి.మీ.యా? సన్న పురుగులు, పిల్ల జీవులు 1 మి.మీ.లోంచి పోతాయి. కాలుష్యాన్ని తట్టుకునే పురుగుల్లో చాలావరకు సన్నవే కాబట్టి నేను 0.5 వైపే మొగ్గుతాను. అయితే మీరు పోల్చబోయే పాత సర్వే 1 మి.మీ.తో చేసి ఉంటే రెండు జల్లెడలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు భాగాలను విడివిడిగా దాచండి. వేర్వేరు జల్లెడల లెక్కలను నేరుగా పోల్చడానికి వీల్లేదు.

జల్లెడలో మిగిలిన దాన్ని సీసాలో సగానికి మించకుండా వేసి, సముద్రపు నీటిలో కలిపిన 10 శాతం ఫార్మాలిన్ పోయండి. 10 శాతం ఫార్మాలిన్ అంటే సుమారు 4 శాతం ఫార్మాల్డిహైడ్. ఈ రెండు పేర్ల దగ్గర తికమకపడి మరీ పలచగా కలిపి, శాంపిల్ కుళ్ళబెట్టిన వాళ్ళున్నారు. బోరాక్స్ వేయడం మరవకండి, లేకపోతే ఫార్మాలిన్ ఆమ్లంగా మారి చిన్న ఆల్చిప్పల పెంకులను కరిగించేస్తుంది. సీసాను మెల్లగా తలకిందులు చేసి కలపండి. లోపల చీటీ, బయట చీటీ.

హెచ్చరిక: ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కలిగించే పదార్థం. గాలి ఆడే చోట, చేతొడుగులు, కళ్ళద్దాలతోనే ముట్టుకోండి. వారం తర్వాత నీటితో బాగా కడిగి 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. వాడిన ఫార్మాలిన్‌ను సింకులో పారబోయకుండా ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో వేయండి.

7. ఏరడం, గుర్తించడం

రోజ్ బెంగాల్ రంగు వేస్తే జీవులు గులాబీ రంగులో కనిపిస్తాయి. తెల్లటి ట్రేలో కొంచెం కొంచెంగా వేసుకుని, సూక్ష్మదర్శిని కింద ఏరండి. ముక్కలైన పురుగుల్లో తలలు మాత్రమే లెక్కపెట్టండి. తోకలు కూడా లెక్కిస్తే ఒక పురుగు మూడవుతుంది. ఖాళీ చిప్పలు లెక్కలోకి రావు.

ఏరడం ఎంత బాగా జరిగిందో చూడాలంటే, పది శాంపిల్స్‌లో ఒకదాన్ని వేరే మనిషి చేత మళ్ళీ ఏరించండి. మొత్తం జీవుల్లో 95 శాతం మొదటిసారే దొరికి ఉండాలి. తక్కువైతే ఆ మనిషి ఏరినవన్నీ మళ్ళీ చూడాలి. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా చేయించండి.

జాతి పేరు దాకా గుర్తించడం రాకపోతే టెన్షన్ పడకండి. కుటుంబం స్థాయి దాకా గుర్తించినా కాలుష్యపు ధోరణి చాలావరకు కనబడుతుంది. తెలియనిదాన్ని కుటుంబం పేరుతో "నెరీడిడ్ 1", "నెరీడిడ్ 2" అని రాయండి. ఊహించి జాతి పేరు పెట్టడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

8. ల్యాబ్‌ను ఏం అడగాలి

డబ్బు కట్టేముందే ఇవి కాగితం మీద రాయించుకోండి.

- ఫలితాలు పొడి బరువు మీద ఇస్తారా? 60 శాతం నీరున్న బురదలో తడి బరువు మీద 160 అంటే పొడి బరువు మీద 400. ఇది చిన్న తేడా కాదు.
- మట్టిని ఏ ఆసిడ్‌తో కరిగిస్తారు? ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) అయితే ఖనిజాల లోపల బిగుసుకున్న లోహం మొత్తం బయటికి రాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో అయితే మొత్తం వస్తుంది. ఏదైనా సరే, అన్ని శాంపిల్స్‌కూ ఒకే పద్ధతి ఉండాలి. పోలిక విలువలు కూడా అదే పద్ధతివి కావాలి.
- పాదరసం శాంపిల్‌ను ఎలా ఆరబెడతారు? వేడి ఓవెన్‌లో పెడితే పాదరసం ఎగిరిపోతుంది. ఫ్రీజ్ డ్రై చేయాలి, లేదా 40 డిగ్రీలు దాటకూడదు.
- అల్యూమినియం కొలుస్తారా? "అది కాలుష్యం కాదు కదా, ఎందుకు" అంటారు. పట్టుబట్టండి. ఎందుకో తర్వాతి మెట్టులో చెబుతాను.
- ప్రామాణిక మట్టిని (విలువలు ముందే తెలిసిన మట్టిని) కూడా నడుపుతారా? కెనడా జాతీయ పరిశోధన మండలి తయారుచేసే మెస్, పాక్స్ లాంటివి అడుగు మట్టి ప్రమాణాలే. వాటి విలువలో 80 నుంచి 120 శాతం మధ్య ల్యాబ్‌కు రావాలి. ఖాళీ శాంపిల్ (మట్టి వేయకుండా నడిపినది), ఒకే శాంపిల్ రెండుసార్లు చేసిన ఫలితం కూడా అడగండి.

సేంద్రియ కార్బన్ కొలిచే యంత్రం లేకపోతే, ఎండిన మట్టిని 450 నుంచి 550 డిగ్రీల్లో కాల్చి బరువు తగ్గుదల చూడొచ్చు. చవకైన పద్ధతి. కానీ బంకమట్టిలో బిగుసుకున్న నీరు కూడా అప్పుడు పోతుంది కాబట్టి అంకె ఎక్కువ చూపిస్తుంది. యంత్రంతో చేసేవారు ముందు పలచటి ఆసిడ్‌తో చిప్పల సున్నాన్ని తీసేయాలి. లేదంటే ఆల్చిప్పల పొడి కూడా సేంద్రియ కార్బన్ లెక్కలో చేరిపోతుంది.

9. లోహం అంకెను మట్టి రకానికి సరిచేయండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదువుతానంటే ఇది చదవండి.

లోహాలు 63 మైక్రాన్లకన్నా సన్నని రేణువుల మీద ఎక్కువగా పేరుకుంటాయి. ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ, దానిలో లోహాలు తక్కువ. అందుచేత మనిషి అడుగు పెట్టని చోట కూడా బురదలో జింక్ ఎక్కువగా, ఇసుకలో తక్కువగా ఉంటుంది. బంకమట్టి ఎంత ఉందో అల్యూమినియం చెబుతుంది. మనిషి వదిలే కాలుష్యం దాన్ని పెద్దగా మార్చదు. అందుకే దానితో భాగించి చూస్తాం.

ఒక ఊహా ఉదాహరణ. మొదటి స్టేషన్ బురద: జింక్ 160 మి.గ్రా./కిలో, అల్యూమినియం 8 శాతం. రెండో స్టేషన్ ఇసుక: జింక్ 90, అల్యూమినియం 2 శాతం. పైపైన చూస్తే మొదటిదే మురికి. భాగించండి: 160/8 = 20, 90/2 = 45. ఆ ప్రాంతంలో కాలుష్యానికి ముందునాటి మట్టిలో ఈ నిష్పత్తి 15 అనుకుందాం. మొదటిదానిలో పెరుగుదల 20/15, అంటే 1.3 రెట్లు. రెండోదానిలో 45/15, అంటే 3 రెట్లు. బయటి నుంచి జింక్ వచ్చి చేరింది ఇసుక స్టేషన్‌లో! దీన్నే ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ అంటారు. సుమారు 1 ఉంటే సహజం. 2 లోపు తేడాలను నేను పట్టించుకోను, కొలతలోని ఊగిసలాటే అంత ఉంటుంది.

కాలుష్యానికి ముందునాటి విలువ ఎక్కడ దొరుకుతుంది? అన్నిటికన్నా మంచిది ఆ ప్రాంతంలోనే కోర్ గొట్టం దింపి, పరిశ్రమలు రాకముందు చేరిన లోతు పొర తీసుకోవడం. అది కుదరకపోతే పోలిక స్టేషన్ల విలువ. పుస్తకాల్లో ఉండే భూపటలపు సగటు విలువ ఆఖరి దారి. ఉదాహరణకు బసాల్ట్ రాళ్ళ నేల మీంచి వచ్చే నదుల ఒండ్రులో నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువ. అక్కడ ప్రపంచ సగటుతో పోలిస్తే ప్రతి స్టేషనూ కలుషితమే అని తేలుతుంది.

1969లో మ్యుల్లర్ ప్రతిపాదించిన జియోఅక్యుములేషన్ సూచిక కూడా చాలామంది వాడతారు: లోహం విలువను 1.5 రెట్ల సహజ విలువతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీయాలి. సులువే, కానీ అందులో రేణువుల సైజు సవరణ లేదు. ఒకే రకం మట్టి ఉన్న చోటే వాడండి.

10. మార్గదర్శక విలువలతో పోల్చండి, కానీ వాటిని చట్టం అనుకోకండి

1995లో లాంగ్, ఆయన సహచరులు ప్రచురించిన ఈఆర్‌ఎల్, ఈఆర్‌ఎమ్ విలువలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. మొదటి అంకె కన్నా తక్కువుంటే జీవుల మీద ప్రభావం అరుదు. రెండో అంకె దాటితే ప్రభావం తరచుగా కనిపిస్తుంది. పొడి బరువు మీద, కిలోకి మిల్లీగ్రాముల్లో:

- జింక్: 150, 410
- రాగి: 34, 270
- సీసం: 46.7, 218
- కాడ్మియం: 1.2, 9.6
- పాదరసం: 0.15, 0.71
- క్రోమియం: 81, 370
- ఆర్సెనిక్: 8.2, 70

ఇవి ఎక్కువగా ఉత్తర అమెరికా తీరాల సమాచారం నుంచి వచ్చాయి. వీటికి రేణువుల సవరణ లేని అసలు అంకెనే వాడాలి, ఎందుకంటే ఆ విలువలు అలాగే కట్టారు. పై ఉదాహరణ గుర్తుందా? బురద స్టేషన్ 160తో మొదటి అంకె దాటింది, ఇసుక స్టేషన్ 90తో దాటలేదు. అంటే "బయటి నుంచి వచ్చిందా?" అన్నదానికి ఒక జవాబు, "జీవులకు హాని చేసే స్థాయా?" అన్నదానికి ఇంకో జవాబు. రెండూ వేర్వేరు ప్రశ్నలు, రిపోర్టులో వేర్వేరు పేరాల్లో రాయండి.

ఇంకో మెలిక. నల్లటి, గాలి తగలని బురదలోని సల్ఫైడ్ కాడ్మియం, రాగి, నికెల్, సీసం, జింక్‌లను పట్టి ఉంచుతుంది. లోహం ఉంటుంది, జీవికి అందదు. ఆసిడ్‌తో విడుదలయ్యే సల్ఫైడ్ మోల్స్ లెక్కన ఆ లోహాల మొత్తం కన్నా ఎక్కువుంటే వాటివల్ల విషం చూపే అవకాశం తక్కువ. అదే బురదను డ్రెడ్జింగ్ చేసి (యంత్రంతో అడుగు తవ్వి) కెలికితే సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది, లోహం బయటికొస్తుంది.

11. జీవుల అంకెలు చదవండి

మొదట సూచికల జోలికి పోకుండా మూడు గీతలు గీయండి: దూరం పెరిగే కొద్దీ జాతుల సంఖ్య, జీవుల సంఖ్య, మొత్తం బరువు. సేంద్రియ కాలుష్యం వల్ల ఇవి ఎలా మారతాయో 1978లో పియర్సన్, రోసెన్‌బర్గ్ చూపించారు. మరీ దగ్గర్లో జీవమే ఉండదు. కొంచెం దూరంలో రెండు మూడు జాతులు వేల సంఖ్యలో ఉంటాయి, కాపిటెల్లా అనే సన్న ఎర్ర పురుగు అందులో పేరుమోసింది. ఇంకా దూరం పోతే జాతులు పెరుగుతాయి, తర్వాత మామూలు స్థితి వస్తుంది. కాబట్టి "ఈ స్టేషన్‌లో జీవులు చాలా ఎక్కువ, ఆరోగ్యంగా ఉంది" అని ఎప్పుడూ రాయకండి. ఎవరెవరు ఉన్నారో చూడండి.

జాతులు ఎన్ని, జీవులు వాటి మధ్య ఎంత సమంగా ఉన్నాయో ఒకే అంకెలో చెప్పే షానన్ వైవిధ్య సూచికలో ఒకే ఒక ఉచ్చు: కొందరు 2 ఆధారంగా, కొందరు సహజ లాగరిథమ్‌తో లెక్కిస్తారు. సహజ లాగరిథమ్ విలువను 1.443తో గుణిస్తే 2 ఆధారపు విలువ వస్తుంది. ఏది వాడారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఆంబి సూచిక 2000లో బోర్యా, ఆయన సహచరులు ఇచ్చారు. అది కాలుష్యాన్ని తట్టుకునే తీరును బట్టి జీవులను ఐదు గుంపులు చేస్తుంది: సున్నితమైనవి ఒకటో గుంపు, కాలుష్యంలో విజృంభించేవి ఐదో గుంపు. గుంపుల శాతాలను వరుసగా 0, 1.5, 3, 4.5, 6తో గుణించి, కలిపి, 100తో భాగించాలి. ఉదాహరణకు 10, 20, 30, 10, 30 శాతాలు అనుకుంటే: 0 + 30 + 90 + 45 + 180 = 345, అంటే 3.45. 1.2 లోపు కలత లేనిది, 3.3 దాకా స్వల్పం, 5 దాకా మధ్యస్థం, 6 దాకా తీవ్రం, ఆపైన అతి తీవ్రం. మీ జీవుల్లో 20 శాతం కన్నా ఎక్కువ ఏ గుంపుకూ చెందకపోతే, లేదా శాంపిల్‌లో నాలుగైదు జీవులే ఉంటే ఈ అంకెను నమ్మకండి. నదీ ముఖాల్లో ఉప్పదనం రోజూ మారుతుంది కాబట్టి అక్కడ గట్టి పిండాలే బతుకుతాయి. కాలుష్యం లేకున్నా సూచిక చెడ్డగా వస్తుంది.

రేవుల దగ్గర ఒక చవక దారి ఉంది. ఓడల అడుగుకు పూసే రంగుల్లో వాడిన టీబీటీ (ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం) వల్ల కొన్ని జాతుల ఆడ నత్తలకు మగ అవయవం పెరుగుతుంది. అలాంటి రంగులపై అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. అయినా పాత రేవుల బురదలో అది ఇంకా దొరుకుతుంది. ఆ జాతి నత్తలు పోగుచేసి చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

12. వీలైతే విష పరీక్ష చేయించండి

మామూలుగా ఆంఫిపాడ్ అనే చిన్న రొయ్య లాంటి జీవులను ఆ మట్టిలో 10 రోజులు ఉంచి, ఎన్ని బతికాయో లెక్కిస్తారు. శుభ్రమైన మట్టిలో వేసినవాటిలో 90 శాతం బతకాలి. బతక్కపోతే పరీక్షే చెల్లదు, మీ మట్టి గురించి ఏమీ చెప్పకూడదు. నీటిలో అమ్మోనియా తప్పనిసరిగా కొలిపించండి. మట్టి ఎక్కువ రోజులు నిల్వ ఉంటే అమ్మోనియా పెరిగి, లోహాలతో సంబంధం లేకుండానే జీవులు చస్తాయి. పరీక్షకు డబ్బు లేకపోతే మానేయండి, కానీ చేయలేదని రాయండి.

13. మూడూ పక్కపక్కన పెట్టండి

రసాయనం, విష పరీక్ష, జీవులు. 1985లో లాంగ్, చాప్‌మన్ ఈ మూడింటినీ కలిపి చూసే పద్ధతిని ముందుకు తెచ్చారు. స్టేషన్ల వారీగా పట్టిక వేసి ఇలా చదవండి:

- మూడూ చెడ్డవి: కాలుష్యం వల్లే జీవులు దెబ్బతిన్నాయని గట్టిగా చెప్పొచ్చు.
- రసాయనం ఎక్కువ, మిగతా రెండూ బాగున్నాయి: లోహం ఉంది, జీవులకు అందడం లేదు. సల్ఫైడ్, సేంద్రియ కార్బన్ అంకెలు తిరగేయండి.
- రసాయనం తక్కువ, విషం లేదు, జీవులు మాత్రం తగ్గాయి: ఆక్సిజన్ లేమి, ట్రాల్ వలలు, డ్రెడ్జింగ్, ఉప్పదనం మార్పు. కారణం ఇటు వెతకండి.
- రసాయనం తక్కువ, విషం ఉంది: మీరు కొలవని పదార్థం ఏదో ఉంది, లేదా అమ్మోనియా.

మధ్యస్థ ఫలితాలే ఎక్కువ వస్తాయి. అప్పుడు "సందేహాస్పదం, మళ్ళీ తీయాలి" అని రాయడానికి మొహమాటపడకండి.

రిపోర్టు పంపేముందు చివరి తనిఖీ

యూనిట్లు చూడండి. లోహాలు కిలోకి మిల్లీగ్రాముల్లో, పీఏహెచ్‌లు కిలోకి మైక్రోగ్రాముల్లో ఇస్తారు, వెయ్యి రెట్ల తప్పు ఇక్కడే దొర్లుతుంది. "గుర్తించలేదు" అని వచ్చినచోట సున్నా వేయకండి, ల్యాబ్ గుర్తించగల కనీస విలువ రాయండి. అన్ని లోహాలూ ఒకే స్టేషన్‌లో ఒకేసారి పెరిగితే, అల్యూమినియం కూడా పెరిగిందేమో చూడండి. పెరిగితే అది బురద ఎక్కువైన స్టేషన్ అంతే. ఒకే ఒక గ్రాబ్ మిగతా రెంటికీ పొంతన లేకుండా ఉంటే, దాన్ని కొట్టేయకుండా క్షేత్ర పుస్తకంలో ఆ గ్రాబ్ గురించి ఏం రాశారో చదవండి.

మిగిలిన మట్టిని డీప్ ఫ్రీజర్‌లో, ఏరిన జీవులను ఇథనాల్‌లో దాచి ఉంచండి. గుర్తింపు తప్పని ఎవరైనా అంటే చూపించడానికి అవే ఆధారం. మూత ఎంత బిగించినా ఇథనాల్ మెల్లగా ఆవిరవుతుంది, ఆర్నెల్లకోసారి చూసి పోస్తూ ఉండండి.